ఎవరి మానం భంగమైంది?

2025 అక్టోబరు నెలాఖరున సూడాన్‌లోని అల్ ఫాషిర్ నగరం పతనమైందన్న వార్త మాకు గురువారపు దర్స్‌లో తెలిసింది. మా వీధి స్త్రీలం పది పన్నెండు మందిమి వారానికొకమారు జుహర్ నమాజు తర్వాత ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని ఖుర్ఆన్ వ్యాఖ్యానం చదువుకుంటాము. చివర్లో ఒకరు దినపత్రిక తీసి ముస్లిం ప్రపంచపు వార్తలు వినిపిస్తారు. పద్దెనిమిది నెలల ముట్టడి తర్వాత ఆ నగరం ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ దళం చేతికి చిక్కింది. కాలినడకన పారిపోతున్న కుటుంబాలలోంచి ఆడవారిని వేరు చేసి వారిపై సాగించిన అఘాయిత్యాలను పత్రిక వివరించింది. చదువుతున్న ఆపా, పక్కన పిల్లలు కూడా ఉన్నారన్న సంకోచంతో కాబోలు, పత్రికలోని మాటను తనకు మర్యాదగా తోచిన మాటలోకి మార్చి "మానభంగం" అని చదివారు. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి తలెత్తి, "మానం ఎవరిది భంగమైంది ఆపా? ఆమెదా, వాడిదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేదు. అసర్ వేళయిందని అందరమూ లేచాము. కాని అది మమ్మల్ని వదలలేదు. యుద్ధాలు జరిగే దేశాలలో స్త్రీలపై, బాలికలపై సాగే హింసను మేము ఖండిస్తున్నామని చెప్పడం సులువు. ఖండించని వారెవరు? శుక్రవారపు దుఆలో ఇమాము గారు పీడితుల ఇజ్జత్‌ను కాపాడమని వేడుకుంటారు, మనం ఆమీన్ అంటాము. ఆ ఇజ్జత్ ఎవరి దగ్గర ఉన్నది, ఎవరి చేతిలోంచి జారిపోతున్నది అన్న విషయంలో మాత్రం మన మాటలు ఒకటి, మన ధర్మం మరొకటి చెబుతున్నాయి.

మాటలనే తీసుకుందాము. తెలుగులో ఇటువంటి నేరానికి గురైన స్త్రీని "చెడిపోయింది" అన్నారు, "శీలం కోల్పోయింది" అన్నారు. సంతలో డబ్బుల సంచీ జారవిడుచుకున్న మనిషిని గురించి చెప్పినట్టు. "మానభంగం" అన్న మాటలోనూ భంగపడింది ఆమె మానమే. మన ఇళ్ళలోని ఉర్దూ కూడా తక్కువ తినలేదు. "ఇస్మత్ దరీ" అంటే శీలాన్ని చింపివేయడం, "ఆబ్రూ రేజీ" అంటే పరువును నేలపాలు చేయడం. చినిగిన గుడ్డా, ఒలికిన నీళ్ళూ మళ్ళీ పూర్వస్థితికి రావన్న సూచన ఆ మాటల్లోనే దాగి ఉన్నది. అరబీ ధర్మశాస్త్ర పరిభాష వేరుగా ఉంటుంది. అక్కడి మాట "ఇగ్తిసాబ్". దాని మూలం "గస్బ్", అంటే పరుల సొత్తును దౌర్జన్యంగా ఆక్రమించడం. ఆ మాట వేలు పెట్టి చూపేది ఆక్రమించినవాడిని. బాధితురాలిని ఫుఖహాలు "ముస్తక్రహా" అన్నారు, అంటే బలవంతానికి గురైన స్త్రీ. అంతే. ఆమె శీలం గురించి ఆ మాట ఏమీ చెప్పదు. చెప్పవలసింది ఏమీ లేదు కనుక.

ఇది పండితుల పద విలాసం కాదు. తిర్మిజీ, అబూ దావూద్ హదీసు గ్రంథాలలో ఒక సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) కాలంలో ఒక స్త్రీ నమాజు కోసం బయలుదేరగా దారిలో ఒకడు ఆమెపై దౌర్జన్యం చేశాడు. ఆమె కేకలు వేసింది, జనం చేరారు, వ్యవహారం ప్రవక్త (స) సన్నిధికి చేరింది. ఆయన ఆమెను ఏ వేళలో ఎందుకు బయటికి వచ్చావని అడగలేదు. అల్లాహ్ ఆమెను మన్నించాడని చెప్పి పంపివేశారు. శిక్ష నేరం చేసినవాడికే. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో మరో స్త్రీ ఎడారిలో దాహంతో ప్రాణం పోయే స్థితిలో ఒక పశువుల కాపరిని నీళ్ళడిగింది. లొంగితే తప్ప ఇవ్వనన్నాడు వాడు. ఆమె వ్యవహారం ముందుకు వచ్చినప్పుడు ఉమర్ (రజి), హజ్రత్ అలీ (రజి)తో సంప్రదించి, ఆమె నిర్బంధ స్థితిలో ఉన్నదని నిర్ణయించి వదిలివేశారు. గొంతు మీద కత్తి లేకపోయినా దాహమే అక్కడ కత్తి అని వారు గుర్తించారు. నేడు శరణార్థి శిబిరాలలో రొట్టెకూ మందుకూ బదులుగా స్త్రీల దేహాలను అడిగేవారున్నారని వింటున్నప్పుడు ఈ తీర్పు మాకు పదే పదే గుర్తుకు వస్తుంది.

అండలూసియాకు చెందిన ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ తన ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో, స్త్రీని అపహరించి చెరపట్టిన దోపిడీగాళ్ళ వ్యవహారాన్ని ప్రస్తావిస్తారు. ధనం దోచుకుంటేనే దారిదోపిడీ అవుతుందని వాదించినవారిపై ఆయన మండిపడ్డారు. ధనం పోవడాన్ని సహించగలిగిన మనిషి భార్యాబిడ్డలపై దౌర్జన్యాన్ని ఎలా సహిస్తాడన్నది ఆయన తర్కం. అందుకే దానిని ఆయన హిరాబా కింద, అంటే సమాజంపై సాయుధ దాడి కింద లెక్కించారు. ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వమే ఒక ఖాజీ దీనిని కుటుంబ పరువు సమస్యగా గాక ప్రజాభద్రతపై యుద్ధంగా చూశారు. ఐక్యరాజ్య సమితి న్యాయస్థానాలు ఆ దృష్టికి రావడానికి ఇరవయ్యవ శతాబ్దం చివరిదాకా పట్టింది.

ఆ న్యాయస్థానాలు అక్కడికి ఎలా చేరాయో తెలుసుకోవాలంటే బోస్నియాకు వెళ్ళాలి. డ్రీనా నది ఒడ్డున ఫోచా అనే పట్టణం ఉన్నది. పదహారో శతాబ్దం నడుమ కట్టిన అలాజా మసీదు అక్కడి అలంకారం. రంగురంగుల చిత్రణ వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1992 ఏప్రిల్‌లో సెర్బు దళాలు ఆ పట్టణాన్ని ఆక్రమించాయి. పురుషులను చెరసాలకు తరలించారు, చాలామందిని చంపారు. స్త్రీలనూ పిల్లలనూ మొదట హైస్కూలులో, తర్వాత పార్టిజాన్ అనే క్రీడా మందిరంలో నిర్బంధించారు. ఆ మందిరం పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలోనే ఉన్నది. రాత్రిపూట సైనికులు వచ్చి తమకు నచ్చినవారిని ఏరుకుని తీసుకువెళ్ళేవారు. కొందరు బాలికలను ఇళ్ళలో నెలల తరబడి బానిసలుగా ఉంచుకున్నారు, చేతులు మార్చారు, డబ్బుకు అమ్మారు. పన్నెండేళ్ళ ఒక పసిపిల్లను అలాగే అమ్మివేశారు. ఆ పిల్ల ఏమైందో ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు. ఏళ్ళు గడిచాక ఆమె తల్లి న్యాయస్థానంలో నిలబడి సాక్ష్యం చెప్పింది.

హేగ్ నగరంలోని ఆ న్యాయస్థానం 2001 ఫిబ్రవరి 22న ముగ్గురు సైనికులకు 28, 20, 12 ఏళ్ళ చొప్పున శిక్షలు విధించింది. తీర్పు చెప్పిన పీఠానికి జాంబియా దేశపు న్యాయమూర్తి ఫ్లోరెన్స్ ముంబా అధ్యక్షత వహించారు. యుద్ధంలో స్త్రీలను లైంగిక బానిసలుగా ఉంచడం మానవాళి పట్ల నేరమని ఆ న్యాయస్థానం శిక్ష విధించడం అదే మొదలు. అంతకుముందు అత్యాచారమంటే యుద్ధంలో సైనికుల "అదుపుతప్పిన ప్రవర్తన" అన్నట్టు చూసి పక్కన పెట్టేవారు. ఫోచా స్త్రీలు ఆ అబద్ధాన్ని బద్దలు చేశారు. వారు పేర్లు మరుగుపరచుకుని, అక్షరాలూ సంఖ్యలే గుర్తులుగా, ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఎదురుగా కూర్చున్న ముద్దాయిలను చూపి చెప్పారు.

పేర్లు ఎందుకు మరుగుపరచుకోవలసి వచ్చింది? ఒక కారణం ప్రాణభయం. రెండో కారణం, మేము ఈ వ్యాసం రాయడానికి కూర్చున్న కారణం, ఇల్లు. భర్తకు తెలియకూడదు, అత్తవారికి తెలియకూడదు, కూతురికి సంబంధాలు చూసేవారికి తెలియకూడదు. బోస్నియా యుద్ధంలో ఇరవై వేల నుండి యాభై వేల మంది స్త్రీలు ఈ హింసకు గురయ్యారని అంచనాలున్నాయి. ఆ రెండు సంఖ్యల నడుమ ఉన్న ముప్పై వేల అంతరం ఏమిటో ఆలోచించండి. లెక్కకు అందనివారందరూ నోరు విప్పనివారు.

న్యాయంగా చెప్పాలంటే బోస్నియా ఉలమాలు మౌనంగా ఉండలేదు. యుద్ధం సాగుతుండగానే ఈ స్త్రీలు నిర్దోషులని, గౌరవనీయులని, కుటుంబాలు వారిని అక్కున చేర్చుకోవాలని ప్రకటించారు. జెనిట్సా నగరంలో 1993లో వైద్యులూ స్థానిక స్త్రీలూ కలిసి నెలకొల్పిన మెదికా అనే ఆశ్రయం ఎందరినో ఆదుకున్నది. కాని మింబరు మీది మాట గడప దాటి లోపలికి రావడానికి చాలాకాలం పడుతుంది. అత్యాచార బాధితులను యుద్ధ బాధితులుగా గుర్తించి నెలసరి భృతి ఇచ్చే సవరణ బోస్నియా ఫెడరేషన్ చట్టంలో 2006లో గాని రాలేదు. ధ్వంసమైన అలాజా మసీదును, దొరికినన్ని పాత రాళ్ళను వాడి మళ్ళీ కట్టారు. 2019 మే నెలలో అది తెరుచుకున్నది. ప్రపంచం నలుమూలల నుండి ముస్లింలు సంతోషించారు, మేమూ సంతోషించాము. అదే పట్టణంలోని పార్టిజాన్ మందిరం ముందు, ఇక్కడ ఇది జరిగింది అని రాసిన చిన్న ఫలకం పెట్టాలని వచ్చిన స్త్రీలను మాత్రం స్థానికులు అడ్డుకుని పంపివేశారు.

బోస్నియా గురించి మాట్లాడటం మనకు కొంత తేలిక. అక్కడ బాధితులు మనవారు, నేరస్థులు పరాయివారు. ఈ వ్యాసాన్ని ఇక్కడితో ఆపితే చదివినవారందరూ తల ఊపుతారు. కాని విశ్వాసులు తమకూ తమ తల్లిదండ్రులకూ వ్యతిరేకంగానైనా న్యాయానికి సాక్షులుగా నిలబడాలని సూరె నిసాలో అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆదేశం ఇటువంటి చోటనే బరువెక్కుతుంది.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో స్త్రీలను చెరపట్టిన సైన్యం కలిమా చదివే సైన్యమే. బాధితులలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. రెండు లక్షల నుండి నాలుగు లక్షలన్న అంచనాలున్నాయి. 2014 ఆగస్టు 3న ఇరాక్‌లోని సింజార్‌పై దాడి చేసి ఆరు వేలకు పైగా యజీదీలను, ముఖ్యంగా స్త్రీలనూ పిల్లలనూ, అపహరించి సంతల్లో అమ్మినవారు తమను ఖిలాఫత్ స్థాపకులుగా చెప్పుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 14 రాత్రి నైజీరియాలోని చిబోక్ పాఠశాల నుండి 276 మంది బాలికలను లారీలెక్కించుకుపోయిన బోకో హరామ్ కూడా మన దీన్ పేరే వాడుకున్నది. ఇక 2023 ఏప్రిల్ 15 నుండి సూడాన్‌లో పోరాడుతున్న ఇరుపక్షాలూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే. బాధితుల వయస్సు ఎనిమిదేళ్ళ నుండి డెబ్బై అయిదేళ్ళ దాకా ఉన్నదని, ఎక్కువ నేరాలు ఆర్.ఎస్.ఎఫ్. దళాలవేనని ఐక్యరాజ్య సమితి సత్యశోధన బృందం 2024లో నివేదించింది. 2025 మార్చిలో యూనిసెఫ్ ప్రకటించిన వివరాల్లో అంతకన్నా చిన్నపిల్లలున్నారు, ఏడాది వయస్సు పసికందులు సైతం. ఆ వాక్యాన్ని రెండోసారి చదివే ధైర్యం మాకు లేకపోయింది.

ఇటువంటివి చర్చకు వచ్చినప్పుడు మనలో కొందరు వెంటనే, ఇది ఇస్లాం కాదు, శత్రువుల ప్రచారం అని కొట్టివేస్తారు. ఇది ఇస్లాం కాదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. యుద్ధంలో స్త్రీలనూ పిల్లలనూ చంపడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అబూబక్ర్ (రజి) సిరియాకు సైన్యాన్ని పంపుతూ స్త్రీల జోలికి, బాలల జోలికి, వృద్ధుల జోలికి, చివరికి పండ్లచెట్ల జోలికి కూడా పోవద్దన్నారు. బానిసత్వాన్ని తిరిగి తేవడం నిషిద్ధమని 2014 సెప్టెంబరులోనే లోకంలోని నూట ఇరవై మందికి పైగా ఉలమాలు బగ్దాదీకి బహిరంగ లేఖ రాశారు. కాని "ఇది ఇస్లాం కాదు" అన్న వాక్యం ఎవరితో చెబుతున్నామన్నది ముఖ్యం. దానిని దౌర్జన్యం చేసినవాడి ముఖాన చెబితే అది ఖండన. రక్షించమని వచ్చిన స్త్రీతో చెబితే తలుపు వేసుకోవడమే అవుతుంది. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్ మోసుల్‌లో చెర నుండి తప్పించుకుని ఒక ముక్కూమొగం ఎరుగని ఇంటి తలుపు తట్టినప్పుడు, ఆ ఇంటి సున్నీ ముస్లిం కుటుంబం ఉపన్యాసమేమీ చెప్పలేదు. లోపలికి రానిచ్చింది, దాచింది, ప్రాణాలకు తెగించి నగరం దాటించింది.

మన నేలకు వస్తే, తెలంగాణా ముస్లిం కుటుంబాలకు ఈ చరిత్ర ఎక్కడో దూరదేశపుది కాదు. రజాకార్ల కాలంలో పల్లెల్లో స్త్రీలపై దౌర్జన్యాలు జరిగాయి. ఆ మాట దాచకూడదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ప్రతీకారం ముస్లిం స్త్రీల మీద పడింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ప్రభృతులు పర్యటించి ఇచ్చిన నివేదిక హత్యలతో పాటు అత్యాచారాలను, స్త్రీల అపహరణను పేర్కొన్నది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంట పడలేదు. అంతకన్నా గట్టిగా మూసుకున్నవి మన పెద్దల నోళ్ళు. మాలో ఒకరి నానీ బీదర్ వైపు నుండి వచ్చినవారు. ఆ రోజుల గురించి ఆమె చెప్పే కథ ఒక్కటే: ఊరి బావిలో దూకి ఇజ్జత్ కాపాడుకున్న ఒక పిల్ల కథ. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్లను పొగుడుతూనే చెప్పేవారు. దూకకుండా బతికి, నెలల తర్వాత ఊరికి తిరిగి వచ్చిన పిల్లలు కూడా ఉండే ఉంటారు కదా నానీ అని మనుమరాలు ఒకసారి అడిగితే, ఆమె పాన్‌దాన్ మూత వేసి, వేరే సంగతి ఎత్తుకున్నారట.

ఆ బావి కథల పట్ల మాకు గౌరవం లేక కాదు. భయంతో దిక్కుతోచక ప్రాణం తీసుకున్న ఆ బిడ్డను అల్లాహ్ కరుణించుగాక. అయినా మన ధర్మంలో ఆత్మహత్య హరామ్. ఆపదలో ప్రాణం నిలుపుకోవడం విధి. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు హృదయంలో విశ్వాసం నిలుపుకుని నోటితో కుఫ్ర్ మాట అన్నవాడికే దోషం లేదని సూరె నహ్ల్‌లో ఉన్నప్పుడు, బలవంతంగా చెరపట్టబడిన స్త్రీకి దోషం ఎక్కడి నుండి వస్తుంది? చనిపోయిన పిల్లను పొగిడిన ప్రతిసారీ, బతికి వచ్చిన పిల్లతో "నువ్వెందుకు చావలేదు?" అని అడుగుతున్నాము. నోటితో అడగనక్కరలేదు. ఆ పిల్ల వింటూనే ఉంటుంది.

కిందటి శీతాకాలం మేము దుప్పట్లు పట్టుకుని హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌కు వెళ్ళాము. అక్కడి బస్తీలలో కొన్ని వేల మంది రోహింగ్యా శరణార్థులు రేకుల కిందా, ప్లాస్టిక్ పట్టాల కిందా బతుకుతున్నారు. 2012 అల్లర్ల తర్వాత వచ్చినవారు కొందరైతే, ఆ తర్వాత వచ్చినవారు కొందరు. ఇక్కడి గాలికి హైదరాబాదీ ఉర్దూ పట్టుబడిన ఒక ఇల్లాలు మాకు చాయ్ ఇచ్చింది. ఆమె చెల్లెలు 2017 ఆగస్టులో బర్మా సైన్యం ఊళ్ళు తగులబెట్టినప్పుడు ఏడు లక్షల మందితో పాటు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరం చేరింది. ఆ దాడుల్లో సైనికులు స్త్రీలపై సాగించిన సామూహిక అత్యాచారాలను ఐక్యరాజ్య సమితి బృందం నమోదు చేసింది; 2019లో గాంబియా అనే చిన్న ముస్లిం దేశం అంతర్జాతీయ న్యాయస్థానంలో బర్మాపై దావా వేసింది. చెల్లెలు ఎలా ఉన్నదని అడిగితే ఆ ఇల్లాలు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత గ్లాసులు తీస్తూ, "అక్కడ సిపాయీలకు భయపడ్డాము ఆపా. ఇప్పుడు సంబంధం చూడటానికి వచ్చేవాళ్ళకు భయపడుతున్నాము" అన్నది. ఇంకేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. శిబిరంలో ఆస్పత్రి ఉన్నా చెల్లెలు వెళ్ళదట. ఏ గుడారంలోకి వెళ్ళిందో చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని.

ఈ "చూసినవాళ్ళు" ఎవరు? వారు సైనికులు కారు. నమాజులు చేసేవారు, రోజాలు ఉండేవారు, మనలాంటివారు. వారి కోసమే సూరె నూర్ అవతరించిందని మాకు అనిపిస్తుంది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి సైన్యం తిరిగి వస్తున్నప్పుడు, జారిపోయిన హారాన్ని వెదుకుతూ విడిదిలో వెనకబడిపోయారు హజ్రత్ ఆయిషా (రజి). సఫ్వాన్ (రజి) తన ఒంటె మీద ఆమెను కూర్చోబెట్టి, తాను నడుస్తూ, గౌరవంగా తెచ్చి సైన్యంలో కలిపారు. ఆమెపై ఏ దౌర్జన్యమూ జరగలేదు. ఆ పోలిక మేము తేవడం లేదు. మేము చెప్పేది నాలుకల సంగతి. దండు వెంట వెళ్ళిన ఒక యువతి ఒంటరిగా వెనకబడి తిరిగి వచ్చింది అన్న ఒక్క ముక్క చాలు, మదీనా పట్టణం నెలరోజులు గుసగుసలాడింది. పుట్టించినవారు కపటులు. మోసినవారిలో మంచివారూ ఉన్నారు. ఆమె కన్నీళ్ళు ఆగకుండా ఏడ్చారు. చివరికి ఆమె నిర్దోషిత్వం ఆకాశం నుండి అవతరించింది. దానితో పాటే, నలుగురు సాక్షులు లేకుండా శీలవతిపై నింద మోపినవారికి ఎనభై కొరడా దెబ్బలు, వారి సాక్ష్యం ఇక ఎన్నటికీ చెల్లదన్న నిర్ణయం వచ్చాయి. నలుగురు సాక్షుల నియమం స్త్రీని నిందించేవాడి నోటికి వేసిన తాళం. దానిని తిప్పి, దౌర్జన్యానికి గురైన స్త్రీనే నలుగురు సాక్షులను తెమ్మని అడగడం, తేలేకపోతే ఆమె ఫిర్యాదునే వ్యభిచారపు ఒప్పుకోలుగా లెక్కించడం ఎంతటి వక్రీకరణ! 1979లో పాకిస్తాన్ తెచ్చిన హుదూద్ చట్టం అమలులో ఇదే జరిగింది. దానిని సవరించడానికి 2006 దాకా పట్టింది.

ఆ నెలరోజుల్లో మదీనాలో ఒక ఇంట్లో మాత్రం వేరే సంభాషణ నడిచింది. అబూ అయ్యూబ్ అన్సారీ (రజి), ఆయన భార్య ఉమ్మె అయ్యూబ్ (రజి) ఇంట్లో కూర్చుని ఉన్నారు. జనం ఆయిషా గురించి అంటున్నది విన్నారా అని భార్య అడిగారు. విన్నాను, అది అబద్ధం అన్నారు భర్త. ఆ వెంటనే ఆయన, అటువంటి పని నువ్వు చేస్తావా అని అడిగారు. అల్లాహ్ సాక్షిగా చేయనని ఆమె అనగా, ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారు. ఇంతే ఆ సంభాషణ. విశ్వాసులు ఆ మాట విన్నప్పుడు తమ సొంత మనుషుల గురించి మంచినే ఎందుకు తలచలేదని ప్రశ్నించే వాక్యం ఇటువంటివారిని ఉద్దేశించి వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. చట్టం కాదు, సైన్యం కాదు, ఖలీఫా కాదు. వంటింటి గడప దగ్గర భార్యాభర్తల నాలుగు మాటలు. సూడాన్‌లో తుపాకులను మనం ఆపలేము. ఈ నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి మాత్రం మనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

బిరుదులు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపింది. 1971 డిసెంబరులో స్వాతంత్ర్యం రాగానే ఆ ప్రభుత్వం బాధిత స్త్రీలకు "బీరాంగనా" అన్న బిరుదునిచ్చింది. మన "వీరాంగన" అన్న మాటే అది. ఉద్దేశం గొప్పది. కాని ఊళ్ళలో జనం ఆ మాటను కొంచెం వంకరగా పలికారు. "వీ" కాస్తా "వా" అయింది. తెలుగు తెలిసినవారికి ఆ అవమానం వివరించనక్కరలేదు. చాలామంది ఆ బిరుదును దాచుకున్నారు. వారిని స్వాతంత్ర్య యోధులుగా ప్రభుత్వం గుర్తించడం మొదలైంది 2015లో.

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న బిడ్డ గురించినది. యజీదీల ధర్మపీఠాధిపతి, చెర నుండి తిరిగి వచ్చిన స్త్రీలను సమాజం గౌరవంగా స్వీకరించాలని ప్రకటించినప్పుడు లోకమంతా మెచ్చుకున్నది. పుట్టుకతో తప్ప ప్రవేశం లేని ఆ సమాజంలో అది సాహసమైన నిర్ణయం. కాని 2019లో, బలాత్కారం వల్ల పుట్టిన పిల్లలకు ఆ స్వీకారం వర్తించదని ఆ పీఠం స్పష్టం చేసింది. ఇరాక్ చట్టం వారిని తండ్రి మతం కిందనే నమోదు చేస్తుంది. కొందరు తల్లులు పిల్లలను సిరియా అనాథాశ్రమంలో వదిలి ఒంటరిగా ఇల్లు చేరారు. కొందరు పిల్లలను వదలలేక ఇల్లే వదులుకున్నారు. వారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. మన ఇళ్ళలో అటువంటి బిడ్డ అడుగుపెడితే ఏమంటామో మనకు తెలుసు. ఏ ప్రాణీ మరొకరి పాపభారాన్ని మోయదని ఖుర్ఆన్ ఒకటికి రెండుచోట్ల గాక మళ్ళీ మళ్ళీ చెప్పింది. అంత స్పష్టమైన మాట, "ఎవరి రక్తమో" అన్న ఒక్క గొణుగుడు ముందు మన ఇళ్ళలో ఓడిపోతూ ఉంటుంది.

బోస్నియాలో అటువంటి పిల్లలు పెరిగి పెద్దవారై "మరచిపోబడిన యుద్ధ బాలలు" అన్న పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. వారి కోరికలలో ఒకటి వింటే మాకు ముందు చిన్నదిగా తోచింది. బడిలో, ఆస్పత్రిలో, కార్యాలయంలో ప్రతి దరఖాస్తులోనూ తండ్రి పేరు అన్న గడి ఉంటుంది. దాని దగ్గర కలం ఆగిపోతుంది. తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలు అని ఉంచండి అన్నది వారి విన్నపం. బడిలో చేర్చేటప్పుడు "వల్దియత్" అని అడిగే మన ముస్లిం సమాజానికి ఆ గడి బరువు తెలుసు. మర్యమ్ (అలైహిస్సలాం) ఒడిలో బిడ్డతో తన జనం వద్దకు తిరిగి వచ్చినప్పుడు వారు మొదట అన్నది సలాం కాదు, నింద. ఆమె మారు మాట్లాడలేదు, బిడ్డ వైపు చూపారు. ఆ మహా అద్భుతానికీ ఈ దుఃఖానికీ పోలిక లేదు. అయినా అల్లాహ్ తన గ్రంథంలో ఆ బిడ్డను ఇరవైకి పైగా చోట్ల తల్లి పేరుతోనే, మర్యమ్ కుమారుడు అని పిలిచాడు.

2023లో బోస్నియా ఫెడరేషన్ పార్లమెంటు, యుద్ధకాలపు అత్యాచారాల వల్ల పుట్టినవారిని కూడా యుద్ధ బాధితులుగా గుర్తించే చట్టాన్ని ఆమోదించింది. వారిలో చాలామందికి అప్పటికి ముప్పై ఏళ్ళు.